గొట్టం వేయమంటారా?

గుంటూరు కొత్తపేట ఆస్పత్రుల నుంచి పల్నాడు వైపు రాత్రిపూట బయల్దేరే అంబులెన్సులు అన్నీ వైద్యం కోసం పరుగెత్తేవి కావు. కొన్నిట్లో స్ట్రెచర్ మీద ఓ పెద్దాయన ఉంటాడు. గొంతులో గొట్టం, గొట్టం చివర చేతిలో పట్టేంత రబ్బరు సంచి. దాన్ని అంబూ బ్యాగ్ అంటారు. ఆస్పత్రి కుర్రాడు కొంతసేపు, కొడుకో అల్లుడో కొంతసేపు దాన్ని పిండుతూనే ఉంటారు. చెయ్యి ఆగితే ఊపిరి ఆగుతుంది. నరసరావుపేట, పిడుగురాళ్ల దాటి మాచర్ల అవతలి పల్లెకు చేరాలంటే గంటలు పడుతుంది. ఇల్లు చేరాక వసారాలో చాప మీద దింపి, నోట్లో తులసి నీళ్లు పోసి, అప్పుడు గొట్టం తీస్తారు. ప్రాణం ఇంట్లోనే పోయింది అనిపించుకోవడానికే ఇదంతా. బయట పోయిన మనిషిని గడప దాటించకూడదన్న పట్టింపు ఇంకా బలంగా ఉన్న ఊళ్లవి.

ఆస్పత్రి కాగితాల్లో దీన్ని 'వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోవడం' అని రాస్తారు. తీసుకెళ్లమన్న సలహా చాలాసార్లు ఆ డాక్టరు గారిదే: "ఇంక లాభం లేదండీ, తీసుకెళ్లండి." కొడుకు సంతకం పెడతాడు.

ఈ తతంగంలో పెద్దాయనకు ఏం కావాలో ఎవరూ అడగరు. అడగాల్సిన వేళకు ఆయన నోట మాట ఉండదు. మాట ఉన్న రోజుల్లో మాత్రం ఆయన చెబుతూనే వచ్చాడు. అరుగు మీద కూర్చుని చెప్పాడు, ఎవరి దినానికో వెళ్లి భోజనాల దగ్గర చెప్పాడు, మిరప కోతల నాడు గట్టు మీద చెప్పాడు. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలిరా. మంచాన పడి మీ చేత చేయించుకునే బతుకు నాకొద్దు." విన్నవాళ్లు "అట్టాంటి మాటలు మాట్టాడమాక నాయనా" అని మందలించి ఊరుకున్నారు. నిజానికి ఆయన అప్పుడు చెప్పింది తన వైద్యం గురించే. చికిత్స పేరు చెప్పలేదు, చికిత్స తర్వాత తాను ఏ స్థితిలో ఉంటే సమ్మతమో చెప్పాడు. ఐసీయూ బయట డాక్టరు అడిగే ప్రశ్న ఇంకోలా ఉంటుంది: "గొట్టం వేయమంటారా, వద్దంటారా?" ఆయన చెప్పింది స్థితి గురించి, వీళ్లు అడిగేది యంత్రం గురించి. జీవాధార చికిత్సలపై వృద్ధుల ఇష్టాయిష్టాల మీద జరిగిన పరిశోధనల్లో కొన్ని ఈ రెంటి మధ్య దూరాన్నే కొలిచాయి.

ముందు ఆ గొట్టం సంగతి చూద్దాం. 1952 ఆగస్టులో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ను పోలియో ముంచెత్తింది. పిల్లలకు ఊపిరి కండరాలు చచ్చుబడ్డాయి, ఉన్న కొద్దిపాటి యంత్రాలు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచితో గాలి కొట్టించాడు. అలా కొట్టింది వైద్య విద్యార్థులు. సుమారు 1,500 మంది వంతులు వేసుకుని నెలల తరబడి రాత్రింబవళ్లు సంచులు పిండారు. మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ మరుసటి ఏడు అదే ఊళ్లో ఇబ్సెన్ పెట్టిన వార్డునే ప్రపంచంలో తొలి ఐసీయూ అంటారు. ఇవాళ మాచర్ల రోడ్డు మీద అల్లుడి చేతిలో ఉన్న అంబూ బ్యాగ్‌ను 1956లో రూపొందించింది కూడా డెన్మార్క్ వాళ్లే. నరాల వాపు తగ్గేదాకా పిల్లల ఊపిరి నిలబెట్టడానికి పుట్టిన పద్ధతి అది. ముసలితనంతో, నాలుగు జబ్బులతో అరిగిపోయిన ఒంటిని దృష్టిలో పెట్టుకుని ఎవరూ దాన్ని తయారు చేయలేదు.

చేతి సంచి పనిని యంత్రంగా చేసే వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుంది, అతుక్కోవాల్సింది ఎముకే. ఇదీ అంతే. ఊపిరితిత్తులకో నరాలకో కోలుకునే సత్తువ ఉంటే ఆ వ్యవధిని యంత్రం ఇస్తుంది, లేకపోతే వ్యవధి ఒక్కటే మిగులుతుంది.

అందుకే 'మిషన్ మీద పెట్టారంటే అయిపోయినట్టే' అన్న మాటను పల్నాడులో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పత్తి చేలో కట్లపాము కరిచిన రైతును తీసుకోండి. దాని విషం నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను తెంపేస్తుంది. రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఛాతీ ఆడదు. మెదడుకూ ఊపిరితిత్తులకూ మాత్రం ఏమీ కాలేదు. కొన్ని రోజులు యంత్రం మీద ఉంచితే ఆ మనిషి లేచి నడిచి ఇంటికి పోగలడు, డెబ్భై ఏళ్లవాడైనా సరే. పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లలో చాలామంది బతికి బట్టకట్టేదీ ఈ యంత్రం వల్లే. 'నాకు వెంటిలేటర్ పెట్టొద్దు' అని ఒకే మాట రాసి సంతకం పెట్టిన రైతు, పాము కరిచిన రాత్రి అనవసరంగా చచ్చిపోగలడు.

ఇంకో గందరగోళం కూడా తీర్చుకోవాలి. ముక్కుకు ఆక్సిజన్ పెట్టడం వెంటిలేటర్ కాదు. ముఖానికి బిగుతుగా మాస్కు కట్టి గాలిని ఒత్తిడితో పంపే బైపాప్ మధ్య మెట్టు. పొయ్యి పొగతోనో చుట్టతోనో ఊపిరితిత్తులు చెడిపోయిన పెద్దవాళ్లకు ఆయాసం ముదిరినప్పుడు చాలాసార్లు ఇదే గట్టెక్కిస్తుంది. దానితో మాట్లాడవచ్చు, మధ్యలో తీసి కాసిని నీళ్లు తాగవచ్చు. గొంతులో గొట్టం వేశాక మాట పోతుంది, అన్నం పోతుంది. పీకేసుకుంటారని మత్తిస్తారు, కొన్నిచోట్ల చేతులు మంచానికి కడతారు. లండన్ ఐసీయూల్లో రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పది రోజుల్లోనే ఆ కండరం దాదాపు 18 శాతం తగ్గిపోయింది. కర్ర పట్టుకుని బజారు దాకా వెళ్లగలిగిన 80 ఏళ్ల మనిషికి ఆ 18 శాతంలోనే కర్ర సాయంతో నడిచే శక్తి ఉంది.

గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కే సీపీఆర్ గురించి మన అంచనాలన్నీ తెర మీద నుంచి వచ్చినవే. '24 గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేం' అని కళ్లద్దాలు తీసే సినిమా డాక్టరు చేతిలో రోగి సాధారణంగా బతుకుతాడు. అమెరికా టీవీ వైద్య ధారావాహికలను కూర్చుని లెక్క కట్టినవాళ్లున్నారు. 1996లో అచ్చయిన ఆ లెక్కలో సీపీఆర్ చేయించుకున్న పాత్రల్లో 75 శాతం అప్పటికి బతికేశాయి. అసలు ఆస్పత్రుల సంగతి 2009లో తేలింది. 65 ఏళ్లు దాటిన నాలుగు లక్షల పైచిలుకు అమెరికన్ రోగుల రికార్డులు తిరగేస్తే, ఆస్పత్రిలో సీపీఆర్ జరిగిన తర్వాత ప్రాణాలతో డిశ్చార్జి అయినవారు 18.3 శాతం. ఆస్పత్రి మంచం మీద, నర్సులు పక్కనే ఉన్నప్పటి మాట ఇది. పక్కటెముకలు విరగడం మామూలే.

డెన్వర్‌లోని ఒక వృద్ధుల క్లినిక్‌లో ఈ అంచనాలనే పరీక్షకు పెట్టారు. సగటు వయసు 77. ఏదైనా జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు గుండె ఆగితే సీపీఆర్ చేయమంటారా అని అడిగితే 41 శాతం చేయమన్నారు. బతికి బయటపడే అవకాశం నిజానికి ఎంతో చెప్పి మళ్లీ అడిగారు. చేయమన్నవాళ్లు 22 శాతానికి దిగారు. ఈ 1994 నాటి అధ్యయనంలో నాకు నచ్చేది, పెద్దవాళ్లకు అంకెలు చెబితే బెంబేలెత్తిపోతారన్న భయాన్ని అది పట్టించుకోకపోవడం. చెప్పారు, వాళ్లు విన్నారు, చేయమన్నవాళ్లలో దాదాపు సగంమంది మనసు మార్చుకున్నారు, సగంమంది మార్చుకోలేదు. ఎవరి లెక్క వాళ్లది.

ఇంతకంటే లోతుకు వెళ్లింది అమెరికాలో టెర్రీ ఫ్రైడ్ అనే పరిశోధకురాలి బృందం 2002లో ప్రచురించిన పరిశోధన. 60 దాటి, క్యాన్సరో గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో బాగా ముదిరిన 226 మందిని ఇళ్లకు వెళ్లి అడిగారు. యంత్రాల పేర్లు ఎత్తలేదు. పెద్దగా బాధ లేని వైద్యంతో ఇప్పుడున్న స్థితికి తిరిగి వస్తారంటే చేయించుకుంటారా? 98.7 శాతం సరేనన్నారు. వైద్యం కష్టమైనదైతే? పదో వంతు పైచిలుకు వెనక్కి తగ్గారు, అంతే. బతుకుతారు గానీ లేవలేని స్థితిలో ఉంటారంటే? 74.4 శాతం వద్దన్నారు. బతుకుతారు గానీ మతి ఉండదు, మనుషుల్ని గుర్తుపట్టలేరంటే? 88.8 శాతం వద్దన్నారు. సూదులూ గొట్టాలూ వాళ్లను అంతగా భయపెట్టలేదు, వాటి అవతల ఉన్న బతుకు భయపెట్టింది. అరుగు మీద పెద్దాయన అన్న మాటనే అమెరికా ముసలివాళ్లు శాతాల్లో చెప్పారు.

ఆ మాట రోగి నోట రానప్పుడు ఇంట్లోవాళ్లను అడుగుతారు. ఇంట్లోవాళ్లకు తెలుసా? ఈ ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ 2006లో ఒకచోట కూర్చారు. రోగి ఏమంటాడో ముందే అడిగి రాసుకుని, అదే ప్రశ్న భార్యనో కొడుకునో విడిగా అడిగి పోల్చిన అధ్యయనాలవి. కుటుంబం సరిగ్గా చెప్పింది నూటికి 68 సార్లు. నలభై ఏళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు కూడా మూడింట ఒక వంతు తప్పు చెప్పారు. నాణెం ఎగరేసినా 50 వస్తాయి కదా.

మన దగ్గర ఆ 68 కూడా వస్తుందా అన్నది నా అనుమానం. ఇక్కడ కొడుకు సమాధానంలో తండ్రి ఇష్టం ఒక పాలు మాత్రమే. 'ఎకరం ఉండి కూడా వైద్యం చేయించలేదు' అని ఊరు అనబోయే మాట ఒక పాలు. అన్నదమ్ముల లెక్కలు ఇంకో పాలు. అన్నిటినీ మించి డాలస్ నుంచో బే ఏరియా నుంచో వచ్చే ఫోను. దగ్గరుండి మంచం మార్చిన కూతురు "ఇక బాధపెట్టొద్దు" అంటుంది. మూడేళ్లుగా వీడియోలోనే చూస్తున్న కొడుకు "ఎంతైనా సరే, అన్నీ చేయండి, నేను బయల్దేరుతున్నా" అంటాడు. ఇది మన తెలుగు ఇళ్ల జబ్బే అనుకోకండి. 1991లోనే వృద్ధుల వైద్య పత్రిక ఒకటి దీన్ని 'కాలిఫోర్నియా కూతురు' అనే పేరుతో వర్ణించింది. కాలిఫోర్నియా డాక్టర్లు మాత్రం ఆ కూతురిది న్యూయార్క్ అంటారట. దూరంగా ఉన్నవాళ్ల ప్రేమ తక్కువదని కాదు. తండ్రి నెలనెలా కుంగిపోవడం వాళ్లు చూడలేదు, వాళ్ల కళ్లలో ఆయనింకా విమానాశ్రయంలో పెట్టె మోసిన మనిషే.

అదే కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లిన తల్లికి అక్కడ ఒంట్లో బాగాలేకపోతే కథ తిరగబడుతుంది. వైద్య ఇష్టాల పత్రం ఏదైనా రాశారా అని చేర్చుకునేటప్పుడే అడగాలని 1991 డిసెంబరు నుంచి అక్కడి ఆస్పత్రులకు చట్టం ఉంది. గుండె ఆగితే ఏం చేయాలన్న ప్రశ్నా దాని వెంటే వస్తుంది. తెలుగులోకి చెప్పాల్సిన కొడుకు గొంతు పెగలదు. "అమ్మను అలాంటివి అడగొద్దు" అని ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పి, "ఏం లేదమ్మా, బీపీ సంగతి అడుగుతున్నాడు" అని తల్లికి తెలుగులో చెబుతాడు. మరణం గురించి ఆవిడకు తెలియనిది ఏదో వాడికి తెలిసినట్టు.

మన దేశంలో ఈ ప్రశ్న న్యాయస్థానం మెట్లెక్కిన తొలి రోజుల్లో ఒక తెలుగు తల్లి కనిపిస్తుంది. 2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే 25 ఏళ్ల చెస్ ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బు చివరి దశలో, ప్రాణాధార యంత్రాల మీద ఉన్నాడు. ఇన్ఫెక్షన్ అవయవాలను పాడుచేయక ముందే తన ప్రాణం పోనిస్తే అవి నలుగురికి పనికొస్తాయన్నది అతని కోరిక. తల్లి సుజాత దాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు పెట్టింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచే తీసుకోమంటుంది గనుక కోర్టు ఒప్పుకోలేదు. ఆ వెంటనే, డిసెంబరు 17న అతను కన్నుమూశాడు. 2022లో వచ్చిన 'సలామ్ వెంకీ' సినిమాకు ఆధారం ఆ తల్లీకొడుకులే. అతను వృద్ధుడు కాదు. కానీ తన స్థితి గురించి తాను మాట్లాడుతుండగానే, ఆ మాటకు చట్టంలో చోటు లేదని తేలిన ఉదంతం అది.

చోటు 2018 మార్చి 9న దొరికింది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, కోలుకునే ఆశ లేని దశలో జీవాధార చికిత్స వద్దని ముందుగానే రాసిపెట్టుకోవచ్చంది. ఆ పత్రమే లివింగ్ విల్. సూది వేసి చంపమని అడగడానికి దానిలో వీలు లేదు, ఉన్న చికిత్స ఆపమనో కొత్తది మొదలుపెట్టొద్దనో చెప్పవచ్చు. అయితే అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఏ ముసలాయన కోర్టు చుట్టూ తిరుగుతాడు? పత్రాలు రాసినవాళ్లే అరుదు. 2023 జనవరి 24న కోర్టే దాన్ని సులువు చేసింది.

ఇప్పుడు నరసరావుపేటలో ఒకావిడ రాయాలంటే ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ చాలు. నోటరీ వద్దనుకుంటే గెజిటెడ్ అధికారి, అంటే తహసీల్దారైనా సరే. తన తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో రాయాలి, ఒకరికంటే ఎక్కువమందిని రాయవచ్చు. కాపీలు వాళ్లకూ, ఇంటి డాక్టరుకూ, మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇందుకు నియమించిన అధికారికీ. రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని అడిగితే వీలునామా అనుకుని పొలం సర్వే నంబర్లు అడుగుతాడు, ముందే చెప్పాలి. అమలు రోజు వచ్చినప్పుడు వైద్యం చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా చూస్తారు. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉండే రెండో బోర్డు మళ్లీ చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. ఆపే ముందు ఆస్పత్రి మేజిస్ట్రేటుకు కబురు చేయాలి. పత్రం లేకపోయినా కుటుంబం సమ్మతితో ఇదే దారిన వెళ్లే వీలు ఆ తీర్పుల్లో ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని అమలుకు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది. దావణగెరెకు చెందిన రిటైర్డ్ టీచరు కరిబసమ్మ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది.

పత్రంలో ఏం రాయాలన్నది అసలు కిటుకు. ఫ్రైడ్ అడిగిన తీరులో రాయడమే మేలని నాకనిపిస్తుంది. 'వెంటిలేటర్ వద్దు' అని రాస్తే పాము కరిచిన రాత్రి ఇబ్బంది. 'నయమయ్యే జబ్బయితే అన్నీ చేయండి. మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి, మంచం దిగలేని స్థితి ఇక మారదని డాక్టర్లు తేల్చితే యంత్రాలు ఆపండి. తేలకపోతే కొన్ని రోజులు పెట్టి చూడండి, మెరుగు లేకపోతే కొనసాగించొద్దు' అని రాస్తే డాక్టరు చేతిలో ఏదో ఒక ఆధారం ఉంటుంది. చివరి వాక్యం ముఖ్యం. గొట్టం వేశాక తీయడం నేరమని భయపడే ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే వేయించడానికే జంకుతారు. వేయకపోవడానికీ, వేసి ఫలితం లేక తీయడానికీ నీతిపరంగా తేడా లేదన్నది వైద్య నీతిలో విస్తృతంగా ఉన్న అభిప్రాయం. ఎన్నాళ్లు చూడాలో, దేన్ని మెరుగు అనాలో మొదటి రోజే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవచ్చు.

పెద్దవాళ్ల 'వద్దు'లన్నీ ఒకటి కావు, ఇది కూడా చూసుకోవాలి. "నాకెందుకు నాయనా ఖర్చు" అనే తల్లి బతకాలని లేక అనడం లేదు, కొడుకు అప్పులు తెలిసి అంటోంది. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, డబ్బు సంగతి పక్కన పెడితే ఏమంటావమ్మా అని అడిగితే జవాబు మారిపోవచ్చు. అందుకే ఇది ఆస్తి పంచుకోబోయేవాళ్లందరి ముందు అడిగే ప్రశ్న కాదు.

యంత్రం వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదు. ఆయాసానికీ నొప్పికీ మార్ఫిన్ ఉంది, నోరు తడపడం ఉంది, గురక లాంటి చప్పుడు తగ్గించే మందులున్నాయి. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడమే గగనమయ్యేది, 2014 సవరణ ఆ ముడి కొంత విప్పింది. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉపశమన వైద్య బృందం ఇళ్లకు వెళ్లి కూడా చూస్తుంది. అంబులెన్సులో ఇంటికి తెచ్చే ఆచారాన్ని నేను తప్పు పట్టను. సొంత వసారాలో పోవాలన్నది కూడా పెద్దాయన కోరికే కావచ్చు. గతుకుల రోడ్డు మీద అన్ని గంటలు నొప్పి మందు లేకుండా తేవడం మాత్రం ఘోరం. డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేముందు, దారికీ ఇంటికీ ఆయాసం తగ్గించే మందు రాసివ్వమని అడగడం కొడుకు హక్కు.

ఒకసారి రాసిందే శిలాశాసనం కాదు. చేతికర్ర వస్తే బతుకే వద్దన్న మనిషి, తుంటి విరిగి వాకర్ పట్టుకున్నాక మనవరాలి పెళ్లికి ముహూర్తాలు వెతుకుతుంటాడు. స్థితి దగ్గరికొచ్చాక దాని మీద అభిప్రాయం మారడం మనిషికి సహజం. అందుకే ఆస్పత్రిలో చేరి వచ్చిన ప్రతిసారీ ఆ పత్రం తీసి మళ్లీ చదివించుకోవాలి. మార్చాలన్నా రద్దు చేయాలన్నా ఎప్పుడైనా చేయవచ్చు, నోటిమాట చాలదు, అదీ రాతపూర్వకంగానే.